పొదుగు మీద కోడిని లేపకూడదు

ఈ ఫేస్‌బుక్ గోడ మీదికొచ్చిన సమస్త జనానికి తెలియజేయడమేమనగా... పొదుగు మీద కూర్చున్న కోడిని లేపే అధికారం సర్పంచుకు లేదు, ఎమ్మెల్యేకు లేదు, ఆ కోడి మొగుడైన పుంజుకు అంతకంటే లేదు. ఇది మా అవ్వ చేసిన చట్టం. ఎనిమిదో తరగతి తప్పినోడు చెప్తాండాడని తీసిపారేయొద్దు... ఈ చట్టం ఒక మనిషిని బతికించింది.

మా చిన్నప్పుడు... తెల్లారగానే అవ్వ గంప ఎత్తేది. కోళ్ళు సినిమా ఇడిసినట్టు బిలబిలా బయటికొచ్చేటివి. అవ్వ చాటలో నూకలు పోసుకొని నాలుక కొట్టి పిలిస్తే చాలు, కాళ్ళకు అడ్డం పడేటివి. నేను అప్పుడే పెట్టిన గుడ్డును దొంగిలించి కండ్లకు అద్దుకునేవాణ్ణి. ఆ వెచ్చదనం ఇప్పుడు ఏ ఫ్రిజ్జులో దొరుకుతాది చెప్పండి...

మా ఊరు పులివెందుల నుంచి వేంపల్లెకు పోయే దావలో ఉండాది. ఊర్లో రెండు పార్టీలు. వీధికి ఈ పక్క మేము, ఆ పక్క వాళ్ళు. మనుషులు వీధి దాటితే తల ఉండేది కాదు. మా పుంజు మాత్రం పొద్దున మా పార్టీలో కూసి, మధ్యాన్నానికి ఆ పార్టీ పెంటదిబ్బ మీద దేవులాడేది. ఇప్పటి లీడర్లు దాని దగ్గరే నేర్చుకున్నారేమో.

పొదగేసేటప్పుడు అవ్వ గుడ్ల మధ్యలో ఒక బొగ్గుముక్క, ఒక ఇనపమొల పెట్టేది. ఉరిమితే గుడ్లు మురిగిపోకుండా. పాపం, ఆ మొల ఉరుములకు ఆగిందేమో గానీ నాటుబాంబులకు ఆగలేదు. ఎలచ్చన్లు వచ్చిన ఏడు ఒక్క పిల్ల దిగలేదు. ఆ ఏడే మా పెద్దనాయన కూడా పోయినాడు... ఆ సంగతి ఇంతకు మించి చెప్పను.

అవ్వకు మిగిలిన కొడుకుల్లో చిన్నోడు మా చిన్నాయన. అన్నను చంపినోళ్ళ మీద పగ తీర్చుకోవాలని పార్టీలో తిరుగుతాండేవాడు. మా కొట్టంలో ఒక గంప నిండా వరిపొట్టు పోసి పెట్టినాడు. పొట్టు కింద ఉండేటివి గుడ్లు కాదు.

మా చుక్కల పెట్టకు ఆ సంగతి తెలీదు. మెత్తగా పొట్టు, గుండ్రంగా సరుకు... పొదుగుకొచ్చిన కోడికి ఇంకేం కావాల? ఎక్కి కూర్చునింది.

ఒక మధ్యాన్నం ఓబులేసు మామ వచ్చినాడు. మా పార్టీలో పెద్ద తలకాయ. బయట జీపు ఆగింది. చిన్నాయన పంచె ఎగ్గట్టి తయారుగా ఉన్నాడు.

"అత్తా, ఆ కోడిని లేపు. గంప కావాల."

"పొదుగు మీదుండాదప్పా. లేపకూడదు."

"అవి గుడ్లు కాదత్తా!"

"ఏంటివో నాకు తెలీదనుకున్నావా? పోయినేడు ఇట్లాంటి గంప లేసింది. దాని ఎనకమాలే మా ఇంట్లోంచి పాడె లేసింది."

మామ చేయి చాపినాడు. పెట్ట ఈకలు నిక్కబొడుచుకొని మణికట్టు మీద పొడిచింది. "అబ్బా!" అని ఎనక్కి ఎగిరినాడు. కొడవలికి బెదరని మనిషి, కోడికి బెదిరినాడు! గట్టిగా లాగబోతే రెక్కలు కొట్టుకుంటాది, గంప కదులుతాది, కొట్టంతో పాటు అందరమూ లేసిపోతాము. అందుకని గుడ్లు మిటకరించి చూస్తాండాడు.

"తప్పుకో బావా, నేను తీస్తా" అని చిన్నాయన ముందుకొచ్చినాడు.

"తీయి నాయనా" అనింది అవ్వ. "నిన్ను పొదిగినప్పుడు నన్ను ఎవురూ లేపలేదులే. ఇప్పుడు నువ్వు లేపు."

చిన్నాయన చేయి ఆడనే ఆగిపోయింది.

"ఈ ముసల్దాని ఇంట్లో సరుకు పెట్టడమే మనం చేసిన తప్పు" అని ఓబులేసు మామ తిట్టుకుంటా పోయినాడు. జీపు హారన్ కొట్టింది... మళ్ళీ కొట్టింది... చిన్నాయన గడప మీద కూర్చున్నోడు లేయలేదు. ఆ జీపులో పోయిన మామ ఒక చేయి లేకుండా తిరిగొచ్చినాడు. ఇంకొకాయన అసలు రాలేదు.

మరుసటి పొద్దు చిన్నాయనే ఆ గంపను మోసుకపోయి పాపాఘ్ని ఏటి మడుగులో ముంచొచ్చినాడు. ఇప్పుడు వేంపల్లెలో షేర్ ఆటో తోల్తాండాడు. మనవరాళ్ళ చేత తిట్లు తింటాండాడు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. దాని జాగాలో ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన టైల్స్ మెరుస్తాండాయి. బాంబులు పోయినాయి, మంచిదే... వాటితో పాటు కోళ్ళు కూడా ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు. అందుకే టైల్స్ పక్కన నాలుగు పెట్టల్ని సాకుతాండా. కంపు కొడుతాందని పక్కింటాయన గొడవ. కొట్టనీ అప్పా! పొద్దున్నే అలారం పెట్టుకోకుండా లేస్తాండావే, అది ఎవురి పుణ్యం? నా కోళ్ళను ఎవురూ లేపలేరు.

ఇంకొక మాట. ఇంతసేపు చెప్పిందాంట్లో ఒకటి పచ్చి అబద్ధం.

చుక్కల పెట్ట ఆ గంప ఎక్కనే లేదు. మూలకు తన గుడ్ల మీద తాను బుద్ధిగా కూర్చోనుండింది. గంప దగ్గర కూర్చునింది మా అవ్వ. కాళ్ళు చాపుకొని, గంపను ఒళ్ళో పెట్టుకొని, మీద కొంగు కప్పి... "పొదుగు మీదుండా. ఎవురు లేపుతారో లేపండి" అనింది. మామ మణికట్టు మీద పడింది కూడా అవ్వ పండ్లే.

అవ్వ అనే చెప్దామని శానా మార్లు చూసినా. ప్రతిమారూ సగంలోనే ఆగిపోతాండా. కోడి అంటే మీరు నవ్వుతారు, నేనూ కడదాక చెప్పగలను.

మీ ఇండ్లల్లో కూడా లేపితే లేయని కోడి ఒకటి ఉండే ఉంటాది. కింద రాయండి... కోడి అనే రాయండి. నాకు అర్థమైతాది.