బందయ్యే ముందు ఏం జేసినవ్?

మా బ్రౌజర్ పేజీలు చూపించేది. కాస్త ఓపిక పడితే బొమ్మలు కూడా చూపించేది. ఒక పేజీలోని వాక్యాన్ని కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేయబోతే మాత్రం ఒక్కోసారి మొత్తం మూసుకుపోయేది. ఎప్పుడూ కాదు. ఎక్కువగా మాకు పనిచ్చిన సేఠ్ దాని ముందు కూర్చున్నప్పుడు.

తొంభైల చివర్లో, సూరత్‌లో, ఒక చీరల గోదాం మీది గదిలో ఆ బ్రౌజర్ రాసేవాళ్లం: నేనూ, నాతో కాలేజీలో చదివిన ఒక గుజరాతీ మిత్రుడూ. గోదాం, గది, రెండూ సేఠ్‌వే. వ్యాపారులంతా ఇక చీరల కేటలాగులు ఇందులోనే చూస్తారని ఆయన నమ్మకం. మాకు తెలిసిన వ్యాపారుల్లో అప్పటికి ఇంటర్నెట్ ఉన్నది ఆయనొక్కడికే.

పేజీని తెరమీద గీసే భాగం మిత్రుడిది. కాపీ, పేస్ట్ నావి. "పొద్దున ఒక షాపులో వేలాడిన డిజైను సాయంత్రానికి పక్క షాపులో ఉంటుంది. ఈ ఊళ్లో కాపీ కొట్టడం రానిది నీ ప్రోగ్రాముకే, యార్," అనేవాడు హిందీలో.

సేఠ్ శనివారం దాకా గడువిచ్చాడు. ఆ రోజు తనే నడిపి చూస్తాడు. మూసుకుపోతే మమ్మల్ని పంపేసి గదిలో కూడా చీరలు పెట్టుకుంటాడు. కోపంగా ఏం అనలేదు. చాయ్ తెప్పించి మరీ చెప్పాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మా బాపు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నేతపనివాడు. మరమగ్గాలు ఆగిపోతే బాగుచేసే మేస్త్రీ. మర్నాడు మా పాత సైకిలుకు కొత్త బ్రేకులు వేయించుకొచ్చాడు. ఊళ్లోనే, పాండేసరలో తనకు తెలిసిన అద్దకం మిల్లులో గుమాస్తా పని ఖాళీగా ఉందట, సైకిలు మీద వెళ్లొచ్చట. నా ప్రోగ్రామింగ్ మీద ఆయన అభిప్రాయం అలా తెలిసింది.

గురువారం మధ్యాహ్నం, నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆయన గడప దాటుతుండగానే బ్రౌజర్ మూసుకుపోయింది.

"బందయ్యే ముందు ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే బాపు."

"మగ్గం ఆగితే మావోళ్లందరు గదే అంటరు. జర మల్ల జేసి సూపియ్."

కాపీ, పేస్ట్. చక్కగా పనిచేసింది. బాపు తెరను చూడలేదు, నా చేతిని చూశాడు.

"ఇందాక గిట్ల జెయ్యలే. నేను లోపల్కి వస్తుంటె ఒక కాగితం మూసినవ్. ఇప్పుడు మూయలే."

పేజీ మూసి, పేస్ట్ చేశాను. పోయింది. మళ్లీ చేశాను. మళ్లీ పోయింది. నెలరోజుల్లో నన్ను అంత సంతోషపెట్టిన క్రాష్ ఇంకోటి లేదు.

కాపీ చేసినప్పుడు నా ప్రోగ్రాము వాక్యాన్ని తీసుకునేది కాదు. అది ఏ పేజీలో ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది, అంతే. పేజీ మూశాక ఆ చోటే ఉండదు. లేని చోటికి వెళ్లి కూలబడేది. నేను పరీక్షించేటప్పుడు అన్ని పేజీలూ తెరిచే ఉంచేవాణ్ణి. సేఠ్ పొదుపరి. గదిలోంచి వెళ్తూ లైటు ఆర్పినట్టు, చూసిన పేజీని చూసినట్టే మూసేవాడు.

బాపుకు ఇదంతా చెప్పాను.

"అంటే సాంపిల్ చీరె తెచ్చిన పార్టీకే వాపస్ ఇచ్చి, డిజైన్ యాడున్నదంటె పార్టీ ఇంట్ల ఉన్నదన్నట్టు. గ్రాఫ్ కాగితం మీద ఎక్కించుకోకుంట ఎవడిస్తడుర వాపస్?"

"నేనిచ్చిన."

"సదువుకున్నోనివి. నడుస్తది."

శుక్రవారమంతా కూర్చుని, కాపీ అనగానే వాక్యాన్ని విడిగా రాసిపెట్టుకునేలా మార్చాను. శనివారం సేఠ్ వచ్చాడు. ఒక చీర వర్ణన కాపీ చేశాడు. పేజీ మూశాడు. మిత్రుడికి అప్పుడే కిటికీలోంచి రోడ్డు చూడాలనిపించింది. సేఠ్ పేస్ట్ చేశాడు. వాక్యం వచ్చింది. నమ్మకం చాలక పదిసార్లు చేశాడు. చివరికి సరేనన్నట్టు "ఠీక్ ఛే" అని, గది తాళంచెవి బల్లమీదే వదిలి కిందికి దిగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి బాపు అన్నం తింటున్నాడు.

"బందయిందా?"

"కాలే."

తలూపి, పప్పు వడ్డించుకున్నాడు.

సోమవారం పొద్దున చూస్తే వాకిట్లో సైకిలు లేదు. ఆయనే పనికి వేసుకెళ్లాడు. సాయంత్రం వచ్చాక అడిగితే, బ్రేకులు బాగానే పడుతున్నాయన్నాడు.