మోటారు లేని బోరు పొంగిన రోజు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నవ్వేవాణ్ణి నేను. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని నీళ్లెక్కడున్నాయో చెబుతామని వచ్చేవాళ్లను మా పొలం గట్టు కూడా ఎక్కనివ్వలేదు. అందుకే ఈ సంగతి చెప్పుకోవడానికి నాకే సిగ్గు. అయినా చెబుతున్నాను. కడుపుమంట ఇంకా చల్లారలేదు.

మాది కంబదూరు దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటాక వరుసగా కరువులొచ్చిన కాలం అది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోతుంటే రైతులమంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఇక ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఎండినవాడికి నీళ్లున్నవాడు పంచాలి. బోర్లలోకి టేపు దించి నీటిమట్టం కొలిచే పని నాది. అందరికంటే ముందు చెయ్యి కలిపింది మా అక్క మొగుడు, పక్క పొలం నారాయణప్ప బావ.

తర్వాతి వేసవికి ఆయన బోరే ఎండింది. మాట ప్రకారం దినం తప్పించి దినం నా బోరు నీళ్లు ఆయన చీనీ చెట్లకు, అంటే బత్తాయి తోటకు, వదిలాను. నా చీనీ తోటకు సగం తడే అందేది. అక్క ఇల్లు కదా అనుకున్నాను.

ఒకరోజు నా మోటారు కాలిపోయింది. పైపులతో సహా పైకి లాగి, వైండింగుకు కళ్యాణదుర్గం పంపాను. అప్పుడే టేపు దించి చూశాను, నీళ్లు పాతాళంలో ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం మా ఆవిడ పొలం నుంచి కేకేసింది. వెళ్లి చూస్తే బోరు మూతి మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. శబ్దం లేదు, ఎగజిమ్మడం లేదు. బిందె నిండి పొర్లినట్టు నిదానంగా దిగి, కాలువ వెంబడి చెట్ల పాదుల్లోకి పోతున్నాయి. వాన లేదు. ఊళ్లో కరెంటు కూడా లేదు.

నాకు కలిగింది భయమో సంతోషమో తెలియదు. బావకు కబురు పంపాను. ఆయన వచ్చి బోరు చుట్టూ తిరిగి, కాలువ వెంబడి చెట్లదాకా నడిచి చూశాడు.

"ఏమప్పా, నీ చెట్లు బతికినట్టే" అన్నాడు చివరికి. ఆ నీళ్లలోనే కాళ్లు కడుక్కుని, మా ఇంట్లో సంగటి తిని వెళ్లాడు. సాయంత్రానికి నీళ్లు దిగిపోయాయి.

తెల్లారి పాదులు ఇంకా తడిగా ఉండగానే బోరు బండి వచ్చింది. నా గట్టుకు ఆనుకుని, బావ పొలంలో దిగింది. పరుగెత్తాను.

"ఇదేం పని బావా?"

"నా చెట్లు గూడా ఎండుతాండాయి కదప్పా. నీ మోటారు ఎప్పుడొస్తాదో ఏమో" అన్నాడు, నా మొహం చూడకుండా.

బండి డ్రైవరు దాచలేదు. "వారం ముందే మాట్లాడినాడన్నా. నిన్న హిందూపురం పక్క పని ఉండె, ల్యాకుంటే నిన్ననే వచ్చుంటిమి."

వారం ముందు నా మోటారు బాగానే తిరుగుతోంది. బావ చెట్లకు నా నీళ్లే పారుతున్నాయి.

ఆయనకు నీళ్లు పడ్డాయి. నా బోరులో మళ్లీ చుక్క రాలేదు. చీనీ తోట మొత్తం కొట్టించి కట్టెలకు వేశాను.

భూగర్భ జలాల ఆఫీసరొకాయన వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. పక్కన బోరు వేస్తుంటే గాలి ఒత్తిడికి పాత బోరు పొంగడం మామూలే అన్నాడు. నిజమే, నేనూ చూశాను. కానీ ఆ రోజు బండి మా దరిదాపుల్లోనే లేదన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ నీళ్లు ఎలా వచ్చాయో నాకిప్పటికీ అంతుపట్టలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అక్క ఇంటికి మాత్రం పోవడం మానేశాను.

మా ఆవిడ ఒకటే మాట అంటుంది: "యాడో పాతాళంలో ఉండే నీళ్లన్నా పైకొచ్చి, పోతాండామని చెప్పిపోయినాయి. మన పక్కన కూచున్న మనిషి నోరు తెరవల్యా."