కనురెప్ప వాలిన ఎలుకలు

జపాన్‌లో, ఒకయామాలోని ఒక వైద్య కళాశాలలో హిరాకో మసుయె ముప్పై ఒక్కేళ్లుగా ఎలుకలను సాకుతోంది, అవి చచ్చాక వాటి నరాలను లెక్కపెడుతోంది. డాక్టర్లు, ఆమె మాటలో సెన్సేలు, వస్తారు, పేరు తెచ్చుకుంటారు, పోతారు. మసుయె లెక్కను మాత్రం ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ఆ ఏడు కుసాకా అనే కుర్ర డాక్టరు ఒక ప్రశ్న పట్టుకున్నాడు. పేగు రక్తనాళం మీద రెండు రకాల నరాలుంటాయి. ఒకటి నాళాన్ని బిగించే సింపథెటిక్ నరం, రెండోది నొప్పిని మోసే నరం. నాళం గోడ వండిపెట్టే పోషకాన్ని రెండూ పంచుకుని పెరుగుతాయి. పసికూనలోనే మొదటిదాన్ని చంపేస్తే దాని వాటా ఎవరు తింటారు?

సగం కూనలకు పుట్టిన మర్నాటినుంచీ ఆ సింపథెటిక్ నరాన్ని చంపే సూదిమందు పడింది. వాటిని ముట్టుకునే ముందు మసుయె తల్లి ఎలుక పడుకున్న రంపపుపొట్టు అరచేతులకు రుద్దుకునేది. కొత్త వాసన తగిలితే తల్లి కూనల్ని తినేస్తుంది. మందు పడ్డవి, రెప్పను ఎత్తి ఉంచే నరం కూడా చావడంతో, కనురెప్పలు వాలి, నిద్రమొహంతో పెరిగాయి.

లెక్క తేలింది. మందు పడ్డవాటిలో నొప్పి నరాలు రెట్టింపు.

"రేపే ప్రొఫెసర్‌గారి ముందు పెట్టేస్తా, హిరాకో సాన్," అన్నాడు కుసాకా.

"పెట్టకండి సెన్సే. ఆ లెక్క చెల్లదు."

"ఏం, కళ్లజోడు మార్చాలా?"

"కళ్లజోడు బాగానే ఉంది. నరాలు అతికించిన గాజుపలకల మీద నంబర్లు నేనే వేశాను, పంజరాల వరుసలోనే. ఏ పలక రెప్ప వాలినదానిదో చూడకుండానే చెప్పగలను."

"తెలిస్తే మాత్రం? మీరు ఎక్కువ వేస్తారా?"

"వెయ్యననే అనుకుంటున్నా. ఎవరైనా అలాగే అనుకుంటారు."

"ఎవరూ అడగలేదు కదండీ."

"అడిగేవాళ్లు ఎందుకు, నాకు తెలిసిపోయాక? పక్క గది యోషిమిని పిలిచి నంబర్లు మార్పించండి. ఏ నంబరు ఏ ఎలుకదో రాసిన జాబితా మీ దగ్గర పెట్టుకోండి. నాకు చూపించకండి."

"సంఖ్య పడిపోతే మిమ్మల్నే అంటారు. ఇన్నేళ్ల లెక్కలూ ఇలాంటివేనా అంటారు."

"అననివ్వండి. ముందు ఆ అన్నం తినండి, చల్లారిపోతోంది."

తొమ్మిది రోజులు మసుయె మైక్రోస్కోపు ముందు వంగి, బొటనవేలితో లెక్కయంత్రం మీట నొక్కుతూ మొదటినుంచీ లెక్కపెట్టింది. పదో రోజు కుసాకా జాబితా విప్పాడు. నొప్పి నరాలు ఖాళీ చోటులోకి నిజంగానే పాకాయి. ఒకటిన్నర రెట్లు. రెట్టింపు మాత్రం కాదు.

"మన మాట నిలబడింది," అన్నాడు కుసాకా తేలిగ్గా. "ఇది చాలు మనకు."

మసుయె ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. వాటి మధ్య తేడా ఎలుకల నరానిది కాదు, ఆమె కంటిది. మొదటి అంకె మీద అడ్డగీత గీసి, పక్కన ఎర్ర సిరాతో తన ముద్ర వేసింది. ఆ తర్వాత అల్మరా మీదున్న పాత రిజిస్టర్లు దించడానికి స్టూలు తెచ్చుకుంది. ఏ ఏడాది పలకల మీద నంబర్లు ఎవరు వేశారో చూడాలి.