శాలువా కింద మూడు వేళ్లు

తూకం వేసే కాంటా ముట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారి కాంటా ముట్టుకున్నాక అబద్ధమాడడు. కనీసం ఆ పూటకు ఆడడు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. పురానాపూల్ మీద ఒక తెల్ల గుర్రం నడుస్తుందని, దాని మీద రౌతు ఉండడని మా గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. ఒక పెళ్లిలో భోజనాలు ఆలస్యమైతే పొద్దుపోక చెప్పాను. నెల తిరగకముందే ఇద్దరు ముగ్గురు ఆ గుర్రాన్ని కళ్లారా చూసి వచ్చారు. సొంత చేత్తో చేసిన దయ్యాలకు ఎవరు భయపడతారు?

ఇక అసలు సంగతి. మా బజారులో ఒక పాత పద్ధతి ఉండేది. పెద్ద సరుకు బేరం నలుగురిలో నోటితో ఆడరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు.

పెళ్లయిన కొత్తలో మా ఉమ్మడి ఇంట్లో నేనూ నా భార్య సులోచనా మాట్లాడుకోవడానికి మూల కూడా దొరికేది కాదు. అందుకని ఈ బేరం భాష ఆమెకు నేర్పాను. ధరల బదులు మా మాటలు పెట్టుకున్నాం. ఒక వేలు పట్టుకుంటే, చాయ్ తాగుదామని. రెండు పట్టుకుంటే, డాబా మీదికి రమ్మని. మూడు వేళ్లు కలిపి రెండుసార్లు నొక్కితే, చాలు, ఇంక లే, ఇంటికి పోదామని.

ఈ మూడోది ఆమె పెట్టింది. నన్ను ఆపడానికే పెట్టింది. ఎవరింట్లోనైనా నేను కథ ఎత్తుకున్నానంటే పక్కన వచ్చి కూర్చునేది, కొంగు కింద నా వేళ్లు నొక్కేది. కథ ఎంత రంజుగా ఉన్నా అక్కడితో ఆపి చెప్పులు వేసుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఆమె పోయింది. అప్పటినుంచి నన్ను ఆపేవాళ్లు లేరు. వినేవాళ్లే లేచి వెళ్లిపోతున్నారు.

ప్రతి చలికాలం, కొత్త మిర్చి దిగకముందు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో సరుకు చూసుకుని ఇద్దరం బాపట్ల వైపు సముద్రపు ఒడ్డుకు వెళ్లేవాళ్లం. నాంచారమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గది తీసుకుని వారం ఉండేవాళ్లం. సాయంత్రమైతే మొగ దాకా నడక. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. పోయిన డిసెంబరులో మళ్లీ వెళ్లాను, ఒక్కణ్ణే.

నాంచారమ్మ గుమ్మంలోనే అడిగింది, అమ్మగారేరండీ అని.

నోటికి అలవాటైన పనే చేశాను. "వెనక బండ్ల వస్తున్నది," అన్నాను.

ఆవిడ మంచం మీద రెండు దిండ్లు వేసింది. ఒకటి తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు వాయుగుండం పట్టింది. పడవలన్నీ సరుగుడు తోపు దాకా లాగి కట్టేశారు. సాయంత్రం నేను సులోచన శాలువా కప్పుకుని బయలుదేరుతుంటే నాంచారమ్మ అడ్డు వచ్చింది.

"ఇంత గాలిలో ఎక్కడికండీ సేటుగారూ? అమ్మగారొచ్చాక నన్నడుగుతారు."

ఇప్పుడే వస్తానని వెళ్లాను. వాన అడ్డంగా కొడుతోంది. ఇసుక పిక్కలకు సూదుల్లా తగులుతోంది. కనుచూపు మేర మనిషి లేడు. ఎవరూ లేరు కదా అని గట్టిగానే మాట్లాడుతూ నడిచాను. రెండేళ్ల కబుర్లు. ఎవరి కొడుక్కి పెళ్లయింది, ఎవరు సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టారు, పక్క దుకాణమాయన నాతో ఏం లొల్లి పెట్టుకున్నాడు. ఉన్నవీ లేనివీ కలిపి చెబుతున్నాను.

అప్పుడు శాలువా కింద నా కుడిచేతి మూడు వేళ్లను ఎవరో కలిపి పట్టుకున్నారు. రెండుసార్లు నొక్కారు.

తడి శాలువా కొస చుట్టుకుందేమోనని మీరంటారు. నేనూ అనుకోబోయాను. కానీ బట్టకూ చేతికీ తేడా తెలియకపోతే మా బజారులో ఒక్కరోజు బతకలేం. పైగా శాలువా నీళ్లోడుతోంది. నా చెయ్యి నాని ముడతలు పడింది. ఆ చెయ్యి మాత్రం పొడిగా ఉంది.

నేను పక్కకు చూడలేదు. భయంతో కాదు. బేరంలో చెయ్యి కలిపినప్పుడు అవతలివాడి వైపు చూడకూడదు, చూపు ఎటో పెట్టుకోవాలి. ఏళ్లనాటి అలవాటు. ఎదురుగా ఉన్న నీళ్లనే చూస్తూ మాట ఆపేశాను. వెనక్కి తిరిగాను. సరుగుడు తోపు దాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు వదిలిందో తెలియలేదు.

కథ అల్లాలనుకుంటే ఇక్కడే అల్లేవాణ్ణి, నేను వెనుదిరగగానే పెద్ద అల వచ్చి ఆ చోటును మింగేసిందని. అలాంటిదేమీ జరగలేదు. మర్నాడు చూస్తే అక్కడి ఇసుక అక్కడే ఉంది. ముందుకు పోయి ఉన్నా నాకేమీ అయ్యేది కాదు.

ఇంటికి చేరగానే నాంచారమ్మ తుండుగుడ్డ తెచ్చింది. "ఆమె రాదు నాంచారమ్మా. పోయి రెండేండ్లాయె," అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది.

రెండో సాయంత్రం గాలి తగ్గింది. అదే చోటికి వెళ్లాను. మళ్లీ వచ్చింది. ఈసారి నొక్కలేదు. రెండు వేళ్లే పట్టుకుని, డాబా మీదికి వచ్చినంత తీరిగ్గా, మొగ దాకా నాతో నడిచింది. సరిగ్గా అప్పుడే మబ్బు విడిపోయి నీళ్ల మీద ఎండ పడింది.

ఊరికి వచ్చాక ఇదంతా ఖలీల్‌కు చెప్పాను. ఖలీల్‌ది ఎదురుగా గోనెసంచుల దుకాణం. నా కథలు అందరికంటే ముందు వినేది అతనే. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వకుండా విన్నాడు.

"సేట్, ఒక్క మాట అంట, బురా అనుకోకు," అన్నాడు. "మొదటి దినం ముచ్చట చెప్పేటప్పుడు నువ్వు నా దిక్కు చూడలే. రెండో దినంది చెప్పుకుంట నా మొఖమే చూసినవ్, నమ్ముతున్ననా లేదా అని. నువ్వు గట్ల ఎప్పుడు చూస్తవో నాకెరుకనే భాయ్."

ఖలీల్ దగ్గర నిజం ఒప్పుకున్నాను.

కాబట్టి మీకూ చెప్పేస్తున్నాను. మొదటి సాయంత్రం జరిగింది. ఎలా జరిగిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. రెండోది నేను కల్పించింది. మబ్బు విడలేదు, ఎండ పడలేదు, ఎవరూ రాలేదు. ఒక్కసారితో అయిపోయిందని చెప్పడానికి మనసొప్పలేదు.

వెళ్లిన మాట మాత్రం నిజం. శాలువా కింద చెయ్యి చాపి, చీకటి పడేదాకా మొగ దగ్గరే తిరిగాను. ఆ రోజు అంతసేపూ పక్కకే చూస్తూ నడిచాను.