మామ గీసిన సుడులు, ఘన్‌పూర్ కోతులు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు చెప్పే మనిషిని. మా ఇంట్లో చీమ కుడితే, నేను బజారుకు వెళ్ళేసరికి అది తేలవుతుంది, మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ మెట్లెక్కేసరికి తాచుపామవుతుంది. కిందటి నెల మా అమ్మాయి భూపాలపల్లి నుంచి ఫోను చేసి, వైద్య కళాశాలలో శవాన్ని కోసి నేర్చుకునే పాఠం మొదలైందనీ, తమ జట్టుకు కుడిచెయ్యి వంతు వచ్చిందనీ, దాని చుట్టూ పదిమందిమి నిలబడ్డామనీ చెబితే, మా ఆవిడకు నేను వందమందని చెప్పాను. ఆ చెయ్యి, తీసుకుపోవడానికి ఎవరూ రాని ఒక అనాథ శవానిదట. "బాపూ, ఎవలన్న తమంతట తాము గిట్ల ఇస్తరా?" అని అడిగింది పిల్ల. సిగ్నల్ సరిగ్గా లేదు బిడ్డా అని పెట్టేశాను.

ఇస్తానన్నవాడొకడు మా ఇంట్లోనే ఉండేవాడు. మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ, జనగామలో లెక్కల సారు. ఆ కాలం సార్లు మీకు తెలియనివారు కారు, వెనక బెంచీలో కునికేవాడి నెత్తిన సుద్దముక్క గురిచూసి కొట్టేవారు. మా మామ కొడితే అది నెత్తిన తగిలి తిరిగి ఆయన జేబులోకే వచ్చేదని నేను ఇప్పటికీ చెబుతుంటాను. అలాంటి చెయ్యి యాభయ్యేళ్ళకే వణకడం మొదలుపెట్టింది. బోర్డు మీద సున్నా గీస్తే గెనుసుగడ్డ అయ్యేది. పిల్లలు నవ్వారు, డాక్టర్లు మాత్రలిచ్చారు, మామ మాత్రం గ్రాఫు కాగితాల పుస్తకం కొన్నాడు. రోజూ పొద్దున్నే చాయ్ తాగకముందు, నడుమ చుక్క పెట్టి బయటికి తిరిగే సుడి ఒకటి గీసేవాడు, గీత ఎక్కడెక్కడ ఎన్ని గళ్ళు తప్పిందో లెక్కపెట్టి రాసేవాడు. చాయ్ తాగాక మరొకటి, అత్త తిట్టాక ఇంకొకటి, మూడింటికీ మూడు రంగుల సిరా. ఆ వణుకుకు ఒక సమీకరణం ఉందని ఆయన నమ్మకం.

నేనప్పుడు వరంగల్‌లో పరిశోధన చేస్తుండేవాణ్ణి, ఒకే ఒక్క అణువును తీగలా వాడి దానిలోంచి కరెంటు పారించాలన్నది నా పని, ఏళ్ళు గడిచినా అది పారలేదన్నది వేరే సంగతి. మా అమ్మ లెక్కలో నేను రేడియో బాగుచేయడం నేర్చుకోలేక అక్కడే ఉండిపోయిన మొద్దును. ఆదివారం ప్యాసింజరు రైల్లో జనగామ వెళితే నా పని గురించి నిజంగా అడిగినవాడు మామ ఒక్కడే. "నరంల కరెంటు గూడ నీ అణువుల పోయినట్టే పోతదా అల్లుడా? మరి నా దాంట్ల ఏడ తెగింది?" అనేవాడు. నాకు తెలియదని చెప్పడానికి నేను గంటసేపు ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

ఒకనాడు సుడులతో నిండిన గ్రాఫు పుస్తకాలన్నీ సంచిలో పెట్టుకుని నన్ను వెంటేసుకుని వరంగల్‌లో వైద్యవిద్యార్థులు శవాలు కోసే విభాగానికి వచ్చాడు. "లెక్క సగమే అయింది. కడమ సగం గీ బుర్ర లోపట ఉన్నది, నేను పోయినంక తీసి సూసుకోవాలె" అన్నాడు. అక్కడి పెద్ద మేడం మధ్యాహ్నమంతా ఆ సుడులు తిప్పి తిప్పి చూసి, కబురందితే మేమే బండి తెస్తాం, పుస్తకాలు కూడా శరీరంతోపాటే రావాలి, రెండూ కలిపి చూస్తేనే అర్థం, అంది. దానపత్రం మీద మామ సంతకం కుదరక మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది. సాక్షి సంతకం నాది. తిరుగు ప్రయాణంలో ఆయన, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడిలా, కిటికీ పక్క సీటు కావాలని పేచీ పెట్టాడు.

రెండేళ్ళకు ఒక పొద్దున, చాయ్ కంటే ముందే, సుడి సగంలో ఉండగా పోయాడు. నేను చేరేసరికి పాలకుర్తి నుంచి చుట్టాలంతా దిగి ఉన్నారు. మా అమ్మ నా అంగీ పట్టుకుంది. "కోసెటోళ్ల చేతుల పెడ్తవార నా తమ్ముణ్ణి? కాష్టం లేకుంటే మూడొద్దులకు పిట్టకు ఏడ పెట్టాలె? ఆయన ఏడికని వస్తడురా?" అని ఏడ్చింది. అత్త మాత్రం ఏడవలేదు. పుస్తకాలన్నీ తన పాత చీరలో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆయన మాట ఆయనది. నువ్వు ఫోన్ కొట్టు అల్లుడా. లైను కలిసిందా, తీస్కపోతరు. కలువలేదా, మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండ్రి" అంది. పెద్దలందరూ సరేనన్నారు.

వీధి చివర ఫోను కొట్టుకు వెళ్ళాను. పావుగంటకు తిరిగొచ్చి, వరంగల్ దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర కోతుల మంద తీగల మీద ఉయ్యాలలూగి లైను తెంపేసిందనీ, వరంగల్ అంతా మూగబోయిందనీ చెప్పాను. మొదట ఇరవై కోతులన్నాను, పెద్దమనుషులు అడిగేకొద్దీ రెండువందలు చేశాను. అత్త నా మొహంలోకి చాలాసేపు చూసి, "గన్ని కోతులా?" అంది. తరువాత లేచి, మూట తీసుకెళ్ళి పాడె మీద ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. "లెక్క గూడ ఆయన ఎంబడే పోనీ" అంది.

గ్రాఫు కాగితం త్వరగా కాలుతుంది, అట్టలే కాస్త ఆలస్యం. మూడోనాడు అన్నం పెడితే కాకి వెంటనే వచ్చింది, మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎక్కడ చెప్పినా వంద కాకులని చెబుతాను గానీ, వచ్చింది ఒక్కటే. అత్త బతికినన్నాళ్ళూ ఆ ఫోను సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఆదివారాలు జనగామ వెళ్ళడం మానేశాను, ఆ తరువాత అణువునూ మానేశాను.

ఇప్పుడు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో, మూడుచోట్లా వైద్య కళాశాలలున్నాయి. మామ ఇంటి నుంచి శవాలు కోసే గదికి ఆటోలో పోవచ్చు. దేహదానం పత్రాల మీద సంతకాలు పెట్టి ఫొటోలు దిగే కుటుంబాలున్నాయి, జేబు జేబుకూ ఫోనుంది. మామ ఒక ఇరవై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే, ఆయన లెక్క నా ఒక్కడి నోటి మీద ఆధారపడేది కాదు.

ఇందులో నేను నిజంగా కల్పించినవి కోతులు. ఆనాడు లైను మొదటిసారికే కలిసింది. ఆ పెద్ద మేడమే ఎత్తి "చెప్పండి" అంది. నేను పలకకపోతే "చెప్పండి, వినపడుతోంది" అని మళ్ళీ అంది. పక్కగదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. పెట్టేశాను. కిందటి నెల భూపాలపల్లి నుంచి మా అమ్మాయి గొంతు కూడా అంతే స్పష్టంగా ఉంది.