దూది కలిపిన ఎర

అజైబాలో నేను నర్సుగా పనిచేసే క్లినిక్‌లో, నీలం కాగితం చుట్టిన దూది చుట్ట విప్పినప్పుడల్లా నాకు నానిన రొట్టె వాసన వస్తుంది.

చిన్నప్పుడు మేం సముద్రతీరాన షినాస్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఒక చలికాలం నాన్నకు భవనాలు కట్టే సైట్‌లో పని పోయింది. అమ్మ నర్సుగా చేసే ఆస్పత్రి కూడా మూతపడింది. నాన్న రోజూ గాలం పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్తుంటే, సెలవులిచ్చారనుకుని సంబరపడ్డాను. వెర్రిదాన్ని. ఎర చేయడం నా వంతు. ఎండిన ఖుబూస్ రొట్టెను నానబెట్టి, నీళ్లు పిండేసి, అమ్మ దగ్గరున్న దూది కాస్త కలిపి ముద్ద చేసేదాన్ని. పోగులుంటేనే ముద్ద గాలానికి నిలుస్తుంది.

ఒకరోజు నాన్న, "ఇవాళ దూది వద్దులేమ్మా, ఉత్త రొట్టే పిసుకు" అన్నాడు. దూది అయిపోతుందని పొదుపు చేస్తున్నాడనుకున్నాను. ఆయన చూడకుండా రోజూకంటే ఎక్కువే కలిపాను.

సాయంత్రం నాన్న చేపల్లేకుండా, మిగిలిన ముద్దతో తిరిగొచ్చాడు. ఇంట్లో తినడానికి ఇంకేమీ లేదు. అమ్మ ఆ ముద్దలో ఉప్పు వేసి పెనం మీద తట్టింది. ప్రార్థన చేసుకుని రొట్టె తుంచితే తెల్లటి పోగులు సాగాయి.

"నేనే కలిపాను నాన్నా, ఎర జారిపోకుండా!"

నాన్న నోట్లోంచి ఒక పోగు తీసి కంచం అంచున పెట్టాడు. "మంచి పని చేశావమ్మా" అన్నాడు.

అమ్మ పోగులు ఏరి, శుభ్రమైన ముక్కలు నా కంచంలో వేసింది. నాన్న మెచ్చుకున్న హుషారులో అవి గబగబా తినేసి, ఇంకో ముక్క అడిగాను.

అమ్మ తన కంచంలోది మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.