మా బండికి ఊరిచ్చిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నా పేరు రూతమ్మ. చాలామంది ఇక్కడ నిలబడి కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పారు, నేను మాత్రం కోపంతో చెబుతున్నాను, పాస్టరుగారు తర్వాత నన్ను మందలించినా సరే, ఎందుకంటే ఆ కోపం చల్లారేదాకా ఆగితే దేవుడు చేసిన మేలు నా నోట్లోనే ఉండిపోతుంది!

మాకు ఇల్లు లేదు. బండే ఇల్లు. నేనూ మా ఆయన ఏసోబూ భద్రాచలం వైపు నుంచి వచ్చి, ఒక పాత స్కూలు వ్యాను కొనుక్కుని, సీట్లు పీకేసి, వెనకాల పరుపు, పక్కన స్టవ్వు పెట్టుకుని, పైన తాళ్ళకు స్టీలు గిన్నెలూ అల్యూమినియం తపేలాలూ వేలాడదీసుకుని, ఈ బస్తర్ సంతలన్నీ తిరిగి అవి అమ్ముకుంటూ బతుకుతున్నాం. మరైగూడ అయినా, ఆవపల్లి అయినా, ఇటు మీ బచేలి అయినా, ఆ రోజు సంత ఎక్కడుంటే మా వంట అక్కడ, నిద్ర అక్కడ, ప్రార్థన అక్కడ. ఈ బతుకంటే నాకెప్పుడూ చిన్నతనం లేదు, ఇప్పటికీ లేదు.

అలాంటిది మా ఆయనకు నడుములో నొప్పి మొదలైంది. మొదట బస్తాలు మోసిన నొప్పి అనుకున్నాం, వేడినీళ్ళు కాచి పోశాను, నూనె రాశాను, తర్వాత ఆ నొప్పి ఆయన్ని బండిలో మెలికలు తిప్పేసింది, మూత్రంలో నెత్తురు పడింది. కిడ్నీలో రాయి అడ్డం పడింది, ఆపరేషన్ చేయించకపోతే ఆ కిడ్నీ పోతుంది, ఆ చీము ఒళ్ళంతా పాకితే మనిషే పోతాడు అన్నారు డాక్టరుగారు. సర్కారు ఆరోగ్య కార్డు ఉంటే అంతా ఉచితమే అన్నారు. అదే లేదు మాకు! ఆ కార్డు కావాలంటే రేషన్ కార్డు ఉండాలి, రేషన్ కార్డు కావాలంటే ఒక ఊరు ఉండాలి. అటు సొంతూళ్లో మేం ఉండటం లేదని పేర్లు తీసేశారు, ఇటు మేం ఇక్కడివాళ్ళం కాదన్నారు. ప్రైవేటు బీమా చేయించే ఏజెంటు పాత జబ్బుకు వర్తించదని చెప్పి, నా మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేశాడు.

నన్ను మండించిందేమిటో తెలుసా? మా బండికి బీమా ఉంది! ఏటేటా ఫోన్‌లోనే కట్టించుకుంటారు, బండి ఏ ఊళ్లో పడుకుంటుందని ఒక్కరూ అడగరు, ఎక్కడైనా గుద్దుకుని సొట్ట పడితే బాగుచేయిస్తారు. ఆ బండిలో పడుకుని ఏడ్చే మనిషికి మాత్రం లేదు!

మా ఆయన వల్ల కూడా ఒక పొరపాటు జరిగింది, సంతలు తిరిగేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. మమ్మల్ని ఎవరైనా ఏ ఊరు అని అడిగితే, ఆ రోజు సంత ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పేరే నోటికొస్తుంది, అది మా అలవాటు. నొప్పి ఎక్కడ పట్టుకుంటే అక్కడి ఆసుపత్రికి పరుగెత్తాడు, ఊరు అడిగిన ప్రతిచోటా ఆ రోజు సంత పేరే చెప్పాడు. చీటీకొక ఊరు! మేం ఇక్కడే ఉంటున్నామని చూపించడానికి ఆ చీటీలన్నీ పట్టుకుని కార్డుల ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా బాబు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు. బండిలో ఉంటాం సార్ అని బతిమాలితే, "గాడీ మే రహతే హో? తో గాడీ కా ఇలాజ్ కరావో" అన్నాడు. బండిలో ఉంటే బండికే వైద్యం చేయించుకోవాలట! చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు సహోదరులారా, నొప్పికి గోడ పట్టుకుని నిలబడి, మర్యాద కోసం నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది.

మీ మీద కూడా కోపమొచ్చింది, దాచను. ఈ మందిరంలోనే నా కష్టం చెప్పుకుంటే, విశ్వాసముంటే బీమా దేనికమ్మా, దేవుడే మన బీమా అన్నారు కొందరు. అన్నవాళ్ళకు గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టరుంది, పిల్లాడికి జలుబు చేస్తే వెళ్ళడానికి కంపెనీ ఆసుపత్రి ఉంది! దేవుడే చాలని మీరు కార్డు జేబులో పెట్టుకుని చెప్పారు, నేను ఖాళీ చేతుల్తో విన్నాను. ఆ ఆదివారం మీతోపాటు ఒక్క పాట కూడా పాడలేకపోయాను.

బండి తలుపేసుకుని, గిన్నెల మధ్య కూర్చుని, దేవుడితోనే పోట్లాటకు దిగాను. "ప్రభువా, నీ తల్లి నిన్ను ఎక్కడ కన్నది? పేరు రాయించుకోవడానికి వెళ్ళిన ఊళ్లో, చోటు దొరక్క, పశువుల పాకలో కన్నది. ఈ బాధ నీకు తెలియదా? తెలిసీ ఊరుకుంటావా? నాకు మేడ వద్దు, ఒక్క ఊరు చూపించు. ఈ మనిషిని నా దగ్గర్నుంచి తీసుకుపోవద్దు!" అని గొంతు చించుకుని అరిచాను. అది ప్రార్థనో, తగవో నాకు తెలియదు, దేవుడు మాత్రం ప్రార్థనగానే తీసుకున్నాడు.

ఆ తర్వాత, మందులకైనా నాలుగు డబ్బులు వస్తాయని, బండి నడపడానికి తెలిసిన డ్రైవరును బతిమాలుకుని మరైగూడ అవతల ఒక చిన్న ఊరి సంతకు వెళ్ళాం. జబ్బు వల్ల చాలా వారాలు ఆ సంతకు రాలేదు. అవి పంట చేతికొచ్చిన రోజులు, బట్టలవాళ్ళు, గాజులవాళ్ళు దారి మీదికి కూడా పరుచుకున్నారు, కాలు పెట్టే సందు లేదు. మా చోటు పోయే ఉంటుందనుకున్నాను. కానీ బోరింగు పక్కన మా చోటు ఖాళీగా ఉంది! మధ్యలో ఒక రాయి పెట్టి ఉంది. సంతలో ఎవరైనా మళ్ళీ వస్తారనుకుంటే వాళ్ళ చోట్లో రాయి పెట్టి ఉంచడం అక్కడి పద్ధతి. పక్కనే చింతపండు అమ్మే ముత్తవ్వ, ఆ ఊరి దోర్ల తెగ ముసలామె, నన్ను చూసి లేచి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఇన్ని వారాల అంగళ్ళకు రాకపోతివి? మొకమేంది అట్ల గుంజుకపోయింది?"

అంతా చెప్పాను. ఆమె చింతపండు మీద గోనెసంచి కప్పి, నా చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయింది. ఆ రోజే ఆ ఊళ్లో గ్రామసభ జరుగుతోంది, చూడండి దేవుని కార్యం! మాకు నివాసం రాసివ్వమని ఆమె అడిగితే, పంచాయతీ కార్యదర్శి తల కూడా ఎత్తకుండా, ఈ ఊళ్లో వీళ్ళకేముందని హిందీలో అడిగాడు. ఇల్లా, పొలమా, ఏముంది?

ముత్తవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "జాగ ఉన్నది," అంది. "బోరింగు పక్కన. వీళ్ళు రాని అంగళ్ళల్ల గూడ రాయి పెట్టి ఎవ్వర్నీ కూసోనియ్యలే నేను. ఊరోళ్ళు కాకపోతే జాగెందుకు ఆపుతం సారూ? రాయి పెట్టినమంటే మావోళ్ళే."

సభలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు, ఒకామె గోండీలో, ఒకామె హల్బీలో, మేం అమ్మిన గిన్నెలో వండని ఇల్లు ఆ ఊళ్లో లేదన్నారు. సర్పంచి తీర్మానం రాయమన్నాడు. ముత్తవ్వ మన మందిరానికి రాదు, ఆమె మొక్కులు వేరు. అయినా విశ్వాసులు నోరు మూసుకున్నచోట దేవుడు ఆమె నోరు తెరిచాడు, ఇది విని మనం సిగ్గుపడాలి.

ఆ తీర్మానంతో రేషన్ కార్డు, దానితో ఆరోగ్య కార్డు, దానితో ఆపరేషన్. మా ఆయన బతికాడు, దేవునికే మహిమ! ఇదిగో ముందు వరసలో కూర్చున్నాడు, నన్ను తగ్గమని సైగ చేస్తున్నాడు, నేను తగ్గను. ఎందుకంటే ఆయనకిప్పుడు ఉన్నది ఒక్క కిడ్నీయే. మేం ఆఫీసుల చుట్టూ తిరిగేలోపు రెండోది చచ్చిపోయింది. డాక్టరుగారు ముందే వచ్చి ఉంటే దక్కేదన్నారు. ముందే వచ్చాం, మమ్మల్ని మనుషుల్లో లెక్కపెట్టలేదు! ఆ మనుషుల్ని క్షమించమని రోజూ ప్రార్థిస్తున్నాను, ఇంకా నా వల్ల కావడం లేదు, మీరు కూడా నాకోసం ప్రార్థించండి.

మా బండి గేటు బయటే ఉంది. మీ చుట్టుపక్కల కార్డు లేనివాళ్ళుంటే దేవుడే బీమా అని పంపేయకండి, నా దగ్గరికి పంపండి, నేను వాళ్ళతో ఆఫీసుకు వస్తాను, ఈ నోరు అక్కడ పనికొస్తుంది. ఇంకా ప్రభువును నమ్మనివాళ్ళు, నమ్మి అలిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, నాలాగే కోపంతోనైనా సరే, ఆయన దగ్గరికి రండి. మీరు రాని వారాలన్నిటిలోనూ ఆయన మీ చోట్లో రాయి పెట్టి ఉంచాడు, ఎవ్వర్నీ కూర్చోనివ్వలేదు. ఆమేన్.